గిటార్ యాంపు: చేతికి తెలిసే తేడా

సంపాదకులకు,

నమస్కారం. గిటార్ ట్యూబ్ యాంపులనూ (పాత రేడియో వాల్వుల్లాంటి గాజు ట్యూబులతో నడిచేవి), వాటి ధ్వనిని కంప్యూటరు లెక్కలతో అనుకరించే డిజిటల్ మోడలర్లనూ పోలుస్తూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఒకే బాణీని రెండింటి మీదా రికార్డు చేసి వినిపిస్తే ఏది ఏదో పోల్చుకోలేరని, కాబట్టి ట్యూబుల గొప్పంతా పాతకాలపు మోజేనని అందులో తేల్చేశారు. మొదటి మాటతో మాకు పేచీ లేదు. మంచి మోడలరును తెలిసినవాడు అమర్చితే రికార్డింగులో పోల్చుకోవడం నిజంగానే కష్టం. పేచీ అంతా ఆ ‘కాబట్టి’ దగ్గరే. రికార్డింగు వినేవాడి చేతిలో గిటారు ఉండదు. వాయించేవాడి ప్రశ్న వేరు: తీగను గట్టిగా మీటితే యాంపు ఏం చేస్తుంది, మెల్లగా మీటితే ఏం చేస్తుంది, స్వరాన్ని పట్టి నిలిపితే అది మాయమైపోతుందా, ఉబికి వస్తుందా? వాయించేవాళ్ళు ఫీల్ అనేది దీన్నే. రికార్డింగు విని ఫీల్ మీద తీర్పు చెప్పడం, వీడియో చూసి బండి సస్పెన్షను మీద తీర్పు చెప్పడం లాంటిదే.

అలాగని ట్యూబుల్లో ఏదో మహిమ ఉందని మేం అనడం లేదు. ‘వెచ్చదనం’, ‘ప్రాణం’ లాంటి మాటలు అమ్మేవాళ్ళకు పనికొస్తాయి. ఫీల్‌కు కారణాలు మీటరు పెట్టి కొలవదగినవే. అవేమిటో తెలిస్తే మోడలరులో సగానికి పైగా తెచ్చుకోవచ్చు. తెలియక చాలామంది మోడలరును అమ్మేసి ట్యూబ్ యాంపు కొంటున్నారు, ట్యూబ్ యాంపును అమ్మేసి మోడలరు కొంటున్నారు. రెండు చోట్లా లోపం అమర్చడంలోనే ఉంటోంది.

మొదటి కారణం యాంపు లోపలి కరెంటు సరఫరా. చివరి దశ ట్యూబులు, 6వి6 గానీ 6ఎల్6 గానీ ఈఎల్34 గానీ, 400 వోల్టులకు అటూఇటూ డీసీ మీద నడుస్తాయి. మీటకుండా ఉంటే కొద్దిపాటి కరెంటే లాగుతాయి. గట్టిగా మీటగానే దానికి రెండు మూడు రెట్లు లాగుతాయి. ఏసీని డీసీ చేసే రెక్టిఫయరు కూడా ట్యూబే అయితే ఆ లాగుడుకు సరఫరా వోల్టేజి కిందికి జారుతుంది. 225 మిల్లీఆంపియర్ల దగ్గర జీజెడ్34లో పడిపోయేది 17 వోల్టులకు దగ్గరగా. అదే కరెంటుకు 5యు4జీబీలో 45 వోల్టుల చుట్టుపక్కల. ట్రాన్స్‌ఫార్మరు చుట్ల నిరోధం వల్ల పడేది దీనికి అదనం. సిలికాన్ డయోడు అయితే మహా అయితే ఒకటి రెండు వోల్టులు. దీన్నే సాగ్ అంటారు. ఫిల్టర్ కెపాసిటర్లలో నిలవ ఉన్న శక్తి మొదటి దెబ్బను దాటిస్తుంది. ఆ వెంటనే వోల్టేజి దిగి ధ్వని కాస్త నొక్కుకుంటుంది. తీగ కదలిక తగ్గేకొద్దీ సరఫరా కోలుకుని స్వరం మళ్ళీ పైకి లేస్తుంది. ఇదంతా సెకనులో చిన్న భాగంలో జరిగిపోతుంది. చెవి దీన్ని పెద్దగా లెక్కపెట్టకపోవచ్చు గానీ, వేళ్ళు వెంటనే పసిగడతాయి. పిక్ కింద తీగ రబ్బరులా ఉందని వాయించేవాళ్ళు అనేది దీని గురించే.

ఇక్కడే ఇంకో అపోహ. ట్యూబ్ యాంపు అంటే ఇలాగే మెత్తగా ఉంటుందని మీ వ్యాసం ధోరణి. ఫెండర్ ట్విన్ రివర్బ్‌లో ఉన్నవి సిలికాన్ డయోడులు. 85 వాట్లు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు. దాని మీద మీటితే రాతి నేల మీద నడిచినట్టు ఉంటుంది. వాక్స్ ఏసీ30 సంగతి వేరు. నాలుగు ఈఎల్84 ట్యూబులు ఒకే కాథోడ్ రెసిస్టరును పంచుకుంటాయి, నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి దిద్దుకునే ఏర్పాటు) ఉండదు. గట్టిగా మీటుతూ పోతే ఆ రెసిస్టరు మీద వోల్టేజి పెరిగి ట్యూబుల బయాసే (ధ్వని లేనప్పుడు ట్యూబు నడిచే స్థాయి) జరిగిపోతుంది. అక్కడి మెత్తదనానికి కారణం అది. (మన ఇళ్ళలోని పాత వాల్వు రేడియోల్లో కొన్నింటికి చివరి దశలో ఉన్నది ఈ ఈఎల్84 వాల్వే.) కాబట్టి ‘ట్యూబ్ ఫీల్’ అని ఒకటే లేదు. ట్విన్‌కు అలవాటుపడిన చేతికి మోడలరు కొత్తగా అనిపించకపోవచ్చు. అదే చేతిని ఏసీ30 మీద పెడితే తేడా తెలుస్తుంది.

మోడలర్లు దీన్ని చేయలేవా అంటే ఇప్పుడు చేస్తాయి. 1998లో వచ్చిన లైన్ 6 పాడ్ మోడలరు కాలంలో యాంపు స్వభావాన్ని పైపైన పట్టుకునేవారు. మోడలరు చేతికి జడంగా తగులుతుందన్న చెడ్డపేరు ఆ తరం నుంచే వచ్చింది. ఇప్పటి మోడలర్లలో, హీలిక్స్‌లో సాగ్, బయాస్, రిపుల్ అని విడివిడి నాబులే ఉన్నాయి. కెంపర్‌లో పవర్ సాగింగ్ ఉంది. చాలామంది వాటి జోలికే పోరు. హీలిక్స్‌లో క్రంచ్ (ధ్వని కాస్త నలిగే) యాంపు మోడల్ తీసుకుని, మాస్టర్ నాబును ముందు పైకి పెంచి, ఆ తర్వాత సాగ్‌ను నడుమ నుంచి కొద్దికొద్దిగా పెంచుతూ ఒకే కార్డును గట్టిగా కొట్టి వదలండి. మాస్టర్ కిందికి ఉంటే చివరి దశ, అంటే పవర్ దశ మీద బరువే పడదు, సాగ్ ఎంత తిప్పినా ఏమీ జరగదు. నాబు పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే.

ప్రొఫైల్, క్యాప్చర్ పద్ధతిలో నడిచేవాటికి ఇంకో పరిమితి ఉంది. టోన్ఎక్స్, క్వాడ్ కార్టెక్స్ క్యాప్చర్లు, ఉచితంగా దొరికే న్యూరల్ యాంప్ మోడలర్ ఈ కోవలోవి. ఇవి ఒక యాంపు నాబులు ఒక చోట ఉన్నప్పుడు తీసిన అచ్చు. ఆ ఒక్క స్థితిలో బ్రహ్మాండంగా ఉంటాయి. తర్వాత మీరు తిప్పే ట్రెబుల్ నాబు మామూలుగా ఆ అచ్చుకు బయట పెట్టిన ఈక్వలైజరే తప్ప అసలు యాంపు సర్క్యూట్‌లోది కాదు. గెయిన్ (ధ్వనిని నలిపే మోతాదు) తగ్గించాలనిపిస్తే నాబు తిప్పేకంటే తక్కువ గెయిన్‌లో తీసిన వేరే క్యాప్చర్ ఎక్కించడం మేలు.

రెండో కారణం స్పీకరు. మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది, మీ వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేనిది ఇదే. 8 ఓముల స్పీకరు అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా 8 ఓములు కాదు. సెలెస్టియన్ గ్రీన్‌బ్యాక్ జీ12ఎం స్పీకరుకు సహజ అనునాదం 75 హెర్ట్జ్ దగ్గర. మూసిన క్యాబినెట్లో (స్పీకరు పెట్టెలో) అది ఇంకా పైకి జరుగుతుంది. అక్కడ నిరోధం 8 ఓములకు ఎన్నో రెట్లు లేస్తుంది. నాలుగైదు వందల హెర్ట్జ్ దగ్గర కిందికి దిగి, పైకి పోయేకొద్దీ వాయిస్ కాయిల్ ఇండక్టెన్సు వల్ల మళ్ళీ పెరుగుతుంది. ట్యూబ్ యాంపు ఔట్‌పుట్ ఇంపెడెన్సు (ఏసీకి ఎదురయ్యే నిరోధం) ఎక్కువ కాబట్టి, ఈ మిట్టపల్లాలను అనుసరించి బేసు మూల దగ్గరా ట్రెబుల్ దగ్గరా ఎక్కువ వోల్టేజి ఇస్తుంది. కోను కూడా అదుపు తక్కువై కాస్త స్వేచ్ఛగా ఊగుతుంది. క్లాస్-డి (తేలికపాటి ట్రాన్సిస్టరు రకం) పవర్ యాంపు అలా కాదు. స్పీకరు ఏమన్నా లెక్కచేయక ఒకే వోల్టేజి పెట్టి, కోనును గట్టిగా పట్టి ఆపేస్తుంది. మోడలరును క్లాస్-డి యాంపుతో అదే క్యాబినెట్‌కు తగిలించి ‘బిగుసుకుపోయింది’ అనేవాళ్ళు విన్నది ఈ తేడానే. ఫ్రాక్టల్ లాంటి మోడలర్లలో స్పీకర్ ఇంపెడెన్స్ కర్వ్‌కు సెట్టింగులు ఉన్నాయి. అందులో మీ క్యాబినెట్‌కు దగ్గరది ఎంచుకోండి. అలాంటి సెట్టింగు లేని చౌక పెడళ్ళకు ఒక నాటు మందు: యాంపు తర్వాత ఈక్వలైజరు పెట్టి 100 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్, 3 కిలోహెర్ట్జ్ నుంచి పైకి 2 డెసిబెల్స్ పెంచండి. పూర్తిగా అదే కాదు గానీ ప్రాణం లేచొస్తుంది.

వాట్ల లెక్కలోనూ మోసపోతారు. 22 వాట్ల ట్యూబ్ యాంపు అంటే శుద్ధమైన ధ్వనికి 22. నలిగి చదునైన తరంగానికి అది దానికి మించి ఇస్తుంది. 2019లో ఫెండర్ కంపెనీయే టోన్ మాస్టర్ డీలక్స్ రివర్బ్ అని డిజిటల్ యాంపు తెచ్చినప్పుడు, 22 వాట్ల అసలును పోలడానికి లోపల 100 వాట్ల పవర్ యాంపు పెట్టింది. ట్యూబు ట్విన్ 29 కిలోలైతే టోన్ మాస్టర్ ట్విన్ 15 కిలోలు. మేడ మెట్లెక్కి మోసేవాడికి ఈ అంకె దగ్గర వాదన ముగిసిపోతుంది, అది వేరే సంగతి.

మూడోది ధ్వని మోతాదు. ఇది ట్యూబులకు సంబంధించినదే కాదు. క్యాబినెట్ ముందు నిలబడి గట్టిగా వాయిస్తే స్పీకరు నుంచి వచ్చే గాలి తీగను మళ్ళీ కదిలిస్తుంది, స్వరం నిలుస్తుంది. హెడ్‌ఫోన్లలో వాయించేవాడికి ఈ తిరుగుదారి ఉండదు. ఒకవైపు హాలులో 95 డెసిబెల్స్‌లో మార్షల్ ట్యూబ్ యాంపు, ఇంకోవైపు హెడ్‌ఫోన్లలో మోడలరు పెట్టి ‘ట్యూబుకు సాటి లేదు’ అనేస్తారు. మోడలరును అదే క్యాబినెట్‌లోంచి అదే మోతాదులో వినండి, ఆ తేడాలో చాలా భాగం కరిగిపోతుంది. ఫోనులో డెసిబెల్ మీటరు యాప్ చాలు. రెండింటినీ ఒక మీటరు దూరంలో ఒక డెసిబెల్ తేడాలోకి తెచ్చాకే పోల్చాలి. బిగ్గరగా ఉన్నదే మంచిదనిపించడం చెవి స్వభావం. అసలు రాత్రి గదిలో నెమ్మదిగా అమర్చుకున్న టోను మర్నాడు స్టేజి మీద బేసుతో బురదగా, ట్రెబుల్‌తో గుచ్చినట్టుగా ఉండడానికీ కారణం మోతాదే. తక్కువ ధ్వనిలో చెవికి ఆ రెండు కొసలూ సరిగా వినపడవు కాబట్టి చేయి వాటిని పెంచేస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు ఈ సంగతిని కొలిచి చూపింది 1933లో. స్టేజి టోను 85, 90 డెసిబెల్స్ దగ్గరే అమర్చుకోవాలి.

ఇక ఆలస్యం, అంటే లేటెన్సీ. మోడలరు ఫీల్ బాగోకపోతే మొదటి నింద దీని మీదే పడుతుంది, చాలాసార్లు అన్యాయంగా. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది. యాంపుకు మూడు మీటర్ల దూరంలో నిలబడితేనే దాదాపు 9 మిల్లీసెకన్ల ఆలస్యం. దాని మీద ఎవరూ ఫిర్యాదు చేయరు. ఫ్లోర్ మోడలరులో అయ్యేది అందులో సగం కూడా ఉండదు. చిక్కు కూడికలో వస్తుంది. డిజిటల్ వైర్‌లెస్, మోడలరు, డిజిటల్ మిక్సరు, చెవిలో పెట్టుకునే డిజిటల్ మానిటరు వరసగా పేరిస్తే పదిహేను దాటవచ్చు. కంప్యూటరు మీద వాయించేవాళ్ళు బఫరు (ఒక్కో విడతకు పోగుచేసే ధ్వని శాంపిళ్ళ సంఖ్య) చూసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 64 శాంపిళ్ళంటే 1.3 మిల్లీసెకన్లు, 128 అంటే 2.7, 512 అంటే 10.7. పోవడానికొకసారి, రావడానికొకసారి, అంటే 512 పెట్టినవాడికి 21. చేతికీ చెవికీ పొంతన తప్పేది అక్కడ. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో మాత్రం వాయించే ప్రయత్నమే చేయవద్దు, అక్కడ ఆలస్యం వందల్లో ఉంటుంది.

లేటెన్సీని తిట్టేముందు ఇన్‌పుట్ చూడాలి. ట్యూబ్ యాంపు ఇన్‌పుట్ ఇంపెడెన్సు 1 మెగాఓమ్. గిటారును కంప్యూటరుకు కలిపే ఇంటర్‌ఫేస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ స్విచ్ నొక్కకుండా 10 కిలోఓముల లైన్ ఇన్‌పుట్‌లో గిటారు పెడితే పికప్ మెరుపంతా అక్కడే నేలపాలు. తర్వాత ఏ మోడలూ దాన్ని తిరిగి తేలేదు. రెండో తప్పు గెయిన్. ఎర్రలైటు వెలగనంతవరకూ పెంచాలన్నది గాయకుడి మైకుకు చెల్లే సూత్రం. ప్లగిన్‌కు (కంప్యూటరులో నడిచే మోడలరుకు) అలా ఇస్తే యాంపు ముందు బూస్టరు పెట్టినట్టే. గిటారు వాల్యూమ్ 10 నుంచి 6కు దించినా ధ్వని శుభ్రపడదు, ‘స్పందన లేదు’ అంటారు. ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌లో గెయిన్ నాబు పూర్తిగా అడుగున పెట్టి మొదలుపెట్టండి. ప్లగిన్ తయారీదారు ఇన్‌పుట్ లెవెల్ అంకె ఇచ్చి ఉంటే దాని ప్రకారం ప్లగిన్ లోపలే సరిచేయండి.

డిజిటల్‌కు నిజంగా సొంతమైన దోషం ఒకటుంది, అలియాసింగ్. డిస్టార్షన్ పుట్టించే హార్మోనిక్స్ శాంప్లింగ్ హద్దు దాటితే పైకి పోలేక కిందికి మడతపడతాయి. 48 కిలోహెర్ట్జ్‌లో హద్దు 24. 5 కిలోహెర్ట్జ్ ధ్వనికి ఏడో హార్మోనిక్ 35, అది వెనక్కి మడతపడి 13 దగ్గర వినపడుతుంది, ఏ స్వరానికీ చెందకుండా. కొనేముందు పరీక్ష సులువు. గెయిన్ బాగా పెంచి, సన్నతీగ మీద పై ఫ్రెట్లలో స్వరాన్ని మెల్లగా బెండ్ చేయండి. స్వరం పైకి పోతుంటే వెనకాల ఏదో ఈల కిందికి దిగుతూ వినిపించిందా, ఆ పెట్టెను దుకాణంలోనే వదిలేసి రండి.

మన దగ్గర మోడలరు వాడకంలో కనిపించే పెద్ద పొరపాటు వైర్లు కలపడంలో. కోస్తా జిల్లాల చర్చి బృందాల్లోనూ హైదరాబాదు పబ్బుల్లోనూ గిటారు తరచు నేరుగా మిక్సరులోకే పోతుంది. అక్కడ క్యాబ్ సిమ్యులేషన్ (గిటార్ క్యాబినెట్ ధ్వనిని అనుకరించే భాగం) ఉండి తీరాలి. లేకపోతే తేనెటీగల తుట్టె. ఉన్నా, ఐఆర్‌లు (అందులో వాడే క్యాబినెట్ ధ్వని నమూనాలు) స్పీకరుకు అంగుళం దూరంలో పెట్టిన మైకువి కాబట్టి మనం ఎన్నడూ చెవి పెట్టి వినని గరగర అందులో ఉంటుంది. హై కట్ 6.5, 7 కిలోహెర్ట్జ్ దగ్గర, లో కట్ 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర పెట్టి అక్కడి నుంచి సర్దుకోండి. అదే మోడలరును అసలైన గిటార్ క్యాబినెట్‌కు పంపితే క్యాబ్ సిమ్యులేషన్ తీసేయాలి. ఇంకో గిటార్ యాంపుకు పంపితే వెనకాల ఉన్న ఎఫెక్ట్స్ రిటర్న్‌లోనే (నేరుగా పవర్ దశకు పోయే జాక్‌లోనే) పెట్టాలి. అది ట్యూబ్ యాంపు అయితే మోడలరులో ప్రీయాంప్ (మొదటి దశ) మోడల్ మాత్రమే ఉంచాలి, లేకపోతే పవర్ దశ రెండుసార్లు దాటినట్టవుతుంది. మొత్తం మోడలరును, క్యాబ్‌తో సహా, యాంపు ముందు ఇన్‌పుట్‌లో గుచ్చేసి ‘దుప్పటి కప్పినట్టుంది’ అంటే తప్పు పెట్టెది కాదు.

ట్యూబ్ యాంపు కొనదలచినవాళ్ళకు మీ వ్యాసం చెప్పని కష్టాలు మన కరెంటు దగ్గర మొదలవుతాయి. ట్యూబు ఫిలమెంటు 6.3 వోల్టులది, పది శాతం అటూఇటూ ఓర్చుకుంటుంది. మెయిన్స్ 207 నుంచి 253 వోల్టుల దాకా ఫరవాలేదన్నమాట. 190కి పడితే ఫిలమెంటుకు అందేది 5.2 వోల్టులే. ధ్వని చప్పబడడమే కాదు, ఎక్కువకాలం అలా నడిపితే కాథోడ్ పాడవుతుంది. ఇంటి స్టెబిలైజరు రిలే రకందైతే మెట్లుమెట్లుగా మారుతూ ఒక్కో టక్కుకూ స్పీకరులో దెబ్బ వినిపిస్తుంది. సర్వో రకం మేలు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద ట్యూబ్ యాంపు పెట్టవద్దు, గురగుర ఒకటి, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కడం ఇంకొకటి. మోడలర్లలో చాలావాటి సరఫరా 100 నుంచి 240 వోల్టుల దాకా ఏదైనా మింగేస్తుంది. అమెరికా నుంచి బంధువులు తెచ్చే 120 వోల్టుల యాంపులకు స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు యాంపు లాగే దానికి రెట్టింపు సామర్థ్యంతో తీసుకోండి. ముఖ్యంగా దానిలోంచి ఎర్త్ అవతలికి పోతోందో లేదో మీటరుతో చూడండి. రెండు పిన్నుల సాకెట్లున్న చౌకరకాల్లో ఎర్త్ అక్కడే ఆగిపోతుంది. అప్పుడు తీగ మీద చేయి, మైకు దగ్గర పెదవి ఉన్నవాడికి ప్రమాదం.

చివరగా, మీరు వెంటనే సవరణ వేయవలసిన మాట ఒకటుంది. ట్యూబులు ‘బల్బు మార్చినట్టు’ ఎవరికి వారే మార్చుకోవచ్చని వ్యాసంలో రాశారు. 12ఏఎక్స్7 లాంటి చిన్న ప్రీయాంప్ ట్యూబులకైతే, ప్లగ్ పీకి, చల్లారాక, సరే. ఈఎల్34, 6ఎల్6 వంటివి ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్‌ను విడిగా అమర్చే) యాంపులో మార్చితే బయాస్ కొలవాలి. ఈఎల్34 ప్లేటు 25 వాట్లు ఓర్చుతుంది. 70 శాతం లెక్కన 17.5 వాట్లు, ప్లేటు మీద 450 వోల్టులుంటే ట్యూబుకు 39 మిల్లీఆంపియర్లు. మెయిన్స్ 250కి లేచే ఊళ్ళో ఆ 450 కాస్తా 489 అవుతుంది కాబట్టి, లైను ఎక్కువగా ఉండే అర్ధరాత్రి పూట కొలిచి చూసుకోవడం మంచిది. ప్లేట్లు ఎర్రబడుతుంటే వెంటనే ఆపేయాలి. స్పీకరు తగిలించకుండా ట్యూబ్ యాంపును ఆన్ చేసి వాయించకూడదు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. స్పీకర్ జాక్‌లోంచి మిక్సరుకు వైరు లాగినా అంతే, మిక్సరు కూడా పోతుంది. చాసిస్ విప్పి బయాస్ చూసే పని మాత్రం తెలిసిన మెకానిక్‌కే. ప్లగ్ పీకిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల పైచిలుకు నిలిచి ఉంటుంది. మెకానిక్ కూడా 100 కిలోఓముల, 2 వాట్ల రెసిస్టరును ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో ఒక నిమిషం తగిలించి ఉంచి, మీటరులో సున్నాకు దగ్గరైందని చూశాకే చేయి పెట్టాలి, అదీ ఒక్క చేయి, రెండోది జేబులో. ఆ ‘బల్బు’ వాక్యాన్ని వచ్చే ఆదివారం లోపే సవరించగలరని కోరుతున్నాం.

ఇట్లు,
యాంప్లిఫైయర్లు బాగుచేసే ఇద్దరు పాఠకులు,
విజయవాడ